2007–09 కామ్రీ 2.4 పెట్రోల్ ఇంజిన్: ఆయిల్ తాగే బండి కొనొచ్చా, వదిలేయాలా?

కొత్తబండి_వేట
తమ్ముడు ఎమ్మెస్‌కి డాలస్ వచ్చాడు, వాడికి పాత బండి చూస్తున్నాం. రెండు తేలాయి. రెండూ కామ్రీ ఎల్ఈ, నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్ పెట్రోల్. ఒకటి 2008ది, 1,48,000 మైళ్ళు. ఇంకోటి 2005ది, 1,31,000 మైళ్ళు. రేటులో పెద్ద తేడా లేదు. రూమ్మేట్లలో ఒకడు 2008 ఆయిల్ తాగుద్ది వద్దంటాడు, ఇంకొకడు 2005లో హెడ్ బోల్టులు ఊడొస్తాయి వద్దంటాడు. అమ్మేవాళ్ళిద్దరిదీ ఒకటే పాట: "టయోటా అండీ, ఏం కాదు." అసలు ఈ ఇంజిన్ సంగతేంటి, చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏం పరీక్షించాలి? కొలతలతో సహా తెలిసినవాళ్ళు చెప్పండి. "హోండా కొనుక్కో" బ్యాచ్ దయచేసి వేరే థ్రెడ్ పెట్టుకోండి.

సైలెన్సర్_శీను
హోండా కొనుక్కో.

పిస్టన్_పంతులు
శీనూ, నీకో దణ్ణం.

రెండింట్లోనూ ఇంజిన్ ఒకటే కుటుంబం: 2ఏజెడ్-ఎఫ్ఈ. 2362 సీసీ, బోర్ 88.5 మి.మీ., స్ట్రోక్ 96 మి.మీ. అల్యూమినియం బ్లాక్, లోపల పోత ఇనుము లైనర్లు. రెండు క్యామ్‌షాఫ్టులు, 16 వాల్వులు, వీవీటీ-ఐ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు) ఇన్‌టేక్ వైపు మాత్రమే. టైమింగ్ బెల్టు లేదు, చైన్. అందుకని "ఇన్ని మైళ్ళకి మార్చాలి" అన్న గడువు లేదు. 2007–09 అమెరికా కామ్రీలో 6000 ఆర్‌పీఎం దగ్గర 158 హార్స్‌పవర్, 4000 దగ్గర 161 పౌండ్-ఫుట్ టార్క్. కంప్రెషన్ 9.8:1, మామూలు 87 ఆక్టేన్ పెట్రోల్ చాలు.

నీ రూమ్మేట్లు ఇద్దరూ నిజమే చెప్పారు, కాకపోతే జబ్బులు రెండూ ఒకే బండికి ఉండవు. సంవత్సరాన్ని బట్టి మారతాయి. 2002–06 వాటిలో హెడ్ (ఇంజిన్ పై భాగం) బోల్టులు దిగే మర పోతుంది. 2007–09 వాటిలో ఆయిల్ రింగులు పట్టేస్తాయి.

రింగుల సంగతి ఇదీ. ప్రతి పిస్టన్‌కీ పైన రెండు కంప్రెషన్ రింగులు, కింద ఒక ఆయిల్ రింగు. సిలిండర్ గోడ మీది ఆయిల్‌ని ఆ మూడో రింగు గీకి, దాని వెనకున్న చిన్న బెజ్జాల గుండా సంపులోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ తొట్టి) పంపాలి. ఈ ఏళ్ళ పిస్టన్లలో ఆ బెజ్జాలు చాలవు. మైళ్ళు పెరిగేకొద్దీ కార్బన్ పేరుకుని మూసుకుపోతాయి, రింగు గాడిలో బిగుసుకుపోతుంది. గోడ మీద మిగిలిన ఆయిల్ పెట్రోల్‌తో పాటే కాలిపోతుంది. టయోటా 2011లో దీని మీద సర్వీస్ బులెటిన్ ఇచ్చింది, 2015లో వారంటీ పొడిగించి మార్చిన పిస్టన్లు, రింగులు వేసి ఇచ్చింది. 1,200 మైళ్ళకి ఒక క్వార్ట్ (లీటరుకి కాస్త తక్కువ) కంటే ఎక్కువ తాగితేనే రిపేరు అన్నది వాళ్ళ కొలబద్ద. ఆ గడువులన్నీ ఎప్పుడో అయిపోయాయి, ఇప్పుడు చేయిస్తే మన జేబులోంచే.

ఎడిసన్_ఎంకన్న
కామ్రీ ఒక్కటే కాదు. అదే పిస్టన్ ఉన్న ఆ ఏళ్ళ రావ్4, సైయాన్ టీసీ, 2009 కరోలా ఎక్స్ఆర్ఎస్ కూడా ఈ జాబితాలోవే. మామూలు కరోలా 1.8 వేరే ఇంజిన్, దాన్ని ఇందులో కలపొద్దు.

కొత్తబండి_వేట
పంతులుగారూ, కంప్రెషన్ టెస్ట్ చేయిస్తే 2008 సంగతి తేలిపోదా?

పిస్టన్_పంతులు
తేలదు. చాలామంది మోసపోయేది అక్కడే. కంప్రెషన్‌ని పట్టి ఉంచేది పై రెండు రింగులు, పాడయ్యేది మూడోది. ఆయిల్ బాగా తాగే బండిలో కూడా నాలుగు సిలిండర్లూ 170, 180 పీఎస్ఐ చూపిస్తాయి. అమ్మేవాడు ఆ కాగితం చూపించి "ఇంజిన్ ఫస్ట్ క్లాస్" అంటాడు. కొంటున్న బండికి చేయించాల్సింది బోర్‌స్కోప్. ప్లగ్గులు తీసి ఆ బెజ్జంలోంచి కెమెరా దించితే పిస్టన్ నెత్తి కనిపిస్తుంది. మందంగా నల్లటి పెచ్చు కట్టి, అంచు దగ్గర తడిగా మెరుస్తుంటే ఆయిల్ పైకొస్తోందని అర్థం.

రెంచి_రాయుడు
బోర్‌స్కోప్ దాకా ఎందుకు, ముందు డిప్‌స్టిక్ చూడండయ్యా.

చెప్పకుండా వెళ్ళండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, స్టార్ట్ చేయకముందే, చదునైన చోట డిప్‌స్టిక్ లాగండి. గ్లోవ్ బాక్సులోనో అద్దం మూలనో పోయినసారి ఆయిల్ మార్చిన స్టిక్కర్ ఉంటుంది, ఆ మైలేజీ చూడండి. మార్చి 3,000 మైళ్ళు దాటినా మట్టం ఫుల్ దగ్గరుంటే మంచి గుర్తే. 3,000 మైళ్ళు తిరిగిన బండిలో ఆయిల్ తేనెలా నిగనిగలాడుతుంటే మాత్రం పొద్దునే పోశారని అనుమానించండి. డిక్కీ కూడా తెరవండి. స్పేర్ టైరు పక్కన సగం వాడిన ఆయిల్ డబ్బా కనిపించిందా, ఇక ఏ టెస్టూ అక్కర్లేదు.

సైలెన్సర్_శీను
డిక్కీ తెరిస్తే అయిదు డబ్బాలుంటే?

రెంచి_రాయుడు
అప్పుడు బండితో పాటు డబ్బాలు కూడా బేరమాడు.

లెక్కల_లక్ష్మి
లెక్క వేస్తే ఇది ఎందుకు ఇంజిన్లు తినేస్తుందో తెలుస్తుంది. 2008 బండికి ఫిల్టర్‌తో కలిపి 4.5 క్వార్టులు, అంటే 4.3 లీటర్లు పడుతుంది. మార్చే గడువు 5,000 మైళ్ళు. 1,200 మైళ్ళకో క్వార్ట్ పోతే ఆ 5,000 మైళ్ళలో నాలుగు క్వార్టులకు పైనే ఆవిరి. మధ్యలో పోయకపోతే సంపులో మిగిలేది అర క్వార్ట్ లోపే. అక్కడిదాకా రాకముందే మలుపుల్లో పంపు గాలి పీలుస్తుంది, బేరింగులు ఎండుతాయి, చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్‌కి ప్రెషర్ అందదు.

డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది కదా అనుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోండి: అది మట్టం చూపే దీపం కాదు, ప్రెషర్ దీపం. అది మిణుకుమనేసరికి నష్టం మొదలైపోయి ఉంటుంది.

గచ్చిబౌలి_గేరు
ఇండియాలో 2012 దాకా అమ్మిన కామ్రీ 2.4 కూడా ఇదే ఇంజిన్, ఇక్కడి లెక్కలో 167 పీఎస్, 224 ఎన్ఎం. హైదరాబాద్‌లో ఇప్పుడు బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలే దొరుకుతోంది. దీనికి పడుతుందా?

పిస్టన్_పంతులు
10 శాతం ఇథనాల్‌తో అమెరికాలో ఇవి ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి. 20 శాతానికి డిజైన్ చేసిన బండి మాత్రం కాదు. ఇంజిన్ లోపలి కంటే పెట్రోల్ దారి మీద కన్నేయాలి: రబ్బరు గొట్టాలు, ఇంజెక్టర్ ఓ-రింగులు, ట్యాంకులో పంపు. గొట్టాలు ఉబ్బినా, పగిలినా, పెట్రోల్ వాసన వచ్చినా మార్చేయండి. నెలల తరబడి ట్యాంకు నింపి బండిని వాడకుండా వదిలేయొద్దు, ఇథనాల్ తేమని పట్టుకుంటుంది. మైలేజీ కొంచెం తగ్గుతుంది, అది ఇథనాల్ స్వభావం.

చైన్_చలపతి
2005 సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. నన్నడిగితే రెండింట్లో భయపడాల్సింది దానికే. ఆయిల్ తాగే బండికి ఆయిల్ పోస్తే నడుస్తుంది. మర పోయిన బ్లాక్‌కి ఏం పోస్తారు?

హెడ్‌ని బ్లాక్‌కి బిగించే బోల్టులు అల్యూమినియంలో కోసిన మరలోకి దిగుతాయి. ఇంజిన్ వేడెక్కి చల్లారే ప్రతిసారీ ఆ మర మీద లాగుడు. ముందు అద్దం దిక్కున, అంటే ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) పక్కన ఉండే వెనక వరస మధ్య బోల్టులు ముందు వదులవుతాయి. మర అల్యూమినియం తీగలా బోల్టుతో పాటు ఊడొస్తుంది. హెడ్ గాస్కెట్ దగ్గర సందు ఏర్పడి కూలెంట్ కారుతుంది. వెనక వైపు కావడంతో పైనుంచి కనిపించదు, నేల మీద కూడా పడదు, వేడి ఎగ్జాస్ట్ మీద పడి ఆరిపోతుంది. చాలామందికి ఓవర్‌హీట్ అయ్యాకే తెలుస్తుంది. తర్వాతి బ్లాకుల్లో మర లోతు పెంచారు, అందుకే 2007 నుంచి ఈ గొడవ బాగా తగ్గింది.

చూసే పద్ధతి: చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి మట్టం చూడండి, రిజర్వాయర్ ఒక్కటే చూస్తే చాలదు. టార్చి, చిన్న అద్దం పట్టుకుని ఇంజిన్ వెనక హెడ్ బ్లాక్‌తో కలిసే గీత వెంట చూడండి. గులాబీ రంగు (టయోటా కూలెంట్ రంగు) పొడి మరకలు ఉంటే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి. అనుమానం తీరాలంటే కూలింగ్ సిస్టమ్‌కి ప్రెషర్ పంపు తగిలించి, మూత మీద రాసిన ప్రెషర్ దాటకుండా ఎక్కించి, కాసేపు ఉంచాలి. ముల్లు దిగితే ఎక్కడో కారుతోంది.

రెంచి_రాయుడు
మర పోయినా దారుంది కదా చలపతీ. ఎం11×1.5 ఇన్సర్ట్ కిట్లు దొరుకుతాయి. పాత మరని డ్రిల్ చేసి, కొత్త ట్యాప్ కోసి, ఉక్కు బుష్ దింపితే అసలు మర కంటే గట్టిగా ఉంటుంది.

చైన్_చలపతి
గట్టిగానే ఉంటుంది, కాదనను. కానీ దానికి హెడ్ దించాలి, డ్రిల్ నిటారుగా దిగడానికి జిగ్ ఉండాలి, పోయిన మూడు బోల్టులకే వేసి ఊరుకోకుండా అన్నింటికీ వేయాలి, హెడ్ ఓవర్‌హీట్ అయివుంటే మెషిన్ షాపులో చదును చూపించాలి. పాత కామ్రీకి ఆ కూలీ బండి ధరకి దగ్గరగా వస్తుంది. ఇంట్లో పనిముట్లు ఉండి చేసుకునేవాళ్ళ మాట వేరు.

పిస్టన్_పంతులు
ఒక చిన్న సవరణ. రేడియేటర్ దగ్గరో, బెల్టు వైపో గులాబీ మరక కనిపిస్తే వెంటనే హెడ్ బోల్టులని భయపడొద్దు. ఈ ఇంజిన్‌లో వాటర్ పంపు కారడం మామూలు. పంపు కింద చిన్న బెజ్జం ఉంటుంది, దాని చుట్టూ మరక కడుతుంది. అది బెల్టు తీసి మార్చుకునే మామూలు పని, దాన్ని చూపించి ధర తగ్గించుకోవచ్చు. మరక వెనక వైపు ఉంటేనే చలపతి చెప్పిన కథ.

ఎడిసన్_ఎంకన్న
ఆయిల్ గురించి ఒక మాట. మాన్యువల్‌లో ఆయిల్ చిక్కదనం (గ్రేడ్) 2008కి 5డబ్ల్యూ-20 అనో 0డబ్ల్యూ-20 అనో ఉంటుంది. తాగే బండికి 5డబ్ల్యూ-30 హై మైలేజ్ పోస్తే తాగుడు తగ్గుతుంది. అదే ఇంజిన్‌కి 2005లో 5డబ్ల్యూ-30యే చెప్పారు, ఏమీ కాదు.

లెక్కల_లక్ష్మి
తగ్గుతుందేమో కానీ ఆగదు. బెజ్జాలు మూసుకుపోయిన చోట చిక్కటి ఆయిల్ కూడా వెనక్కి వెళ్ళలేదు. అందరూ 5డబ్ల్యూ-30 నుంచి 10డబ్ల్యూ-40కి, అక్కణ్ణుంచి 20డబ్ల్యూ-50కి ఎక్కేస్తారు. చలికాలం పొద్దున స్టార్ట్ చేస్తే అది పైకి చేరేలోగా చైన్ గరగర.

ఎడిసన్_ఎంకన్న
20డబ్ల్యూ-50 అన్నదెవరు? నేనన్నది 5డబ్ల్యూ-30. అక్కడితో ఆగమనే నేనూ చెప్పేది.

రెంచి_రాయుడు
ఇద్దరూ ఆగండి. ఆయిల్ గ్రేడ్ మార్చేముందు రెండు చవక పనులున్నాయి. ఒకటి పీసీవీ వాల్వు, అంటే క్రాంక్‌కేసులో చేరే ఆవిరిని ఇన్‌టేక్‌లోకి వదిలేది. తీసి చెవి దగ్గర ఊపితే లోపల టకటకమనాలి, లేదంటే జిగురు పట్టింది, మార్చేయండి. అది పట్టేస్తే క్రాంక్‌కేసు ప్రెషర్ పెరిగి ఆయిల్ ఇన్‌టేక్‌లోకి పోతుంది. రెండోది కారుతోందా కాలుతోందా తేల్చుకోవడం. టైమింగ్ కవర్ మీద చైన్ టెన్షనర్ బిగించిన చోటు, వాల్వ్ కవర్ గాస్కెట్, ఈ రెండూ ఈ ఇంజిన్‌లో కారే చోట్లు. డీగ్రీజర్‌తో కడిగి, వారం తిప్పి, మళ్ళీ చూడండి.

టెన్షనర్ ఓ-రింగు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త: అది బయట ఉండగా క్రాంక్ తిప్పొద్దు, చైన్ పన్ను జారుతుంది. ప్లంజర్‌ని లోపలికి నొక్కి, కొక్కెం తగిలించి బిగించాలి. నట్లకి 9 ఎన్ఎం చాలు, చిన్న నట్లు, విరుగుతాయి. తర్వాత క్రాంక్‌ని కొద్దిగా అపసవ్యంగా తిప్పితే కొక్కెం విడిపోతుంది, ఆ తర్వాత సవ్యంగా తిప్పి ప్లంజర్ బయటికొచ్చిందో లేదో చూసుకోవాలి. ఇది మర్చిపోయి స్టార్ట్ చేస్తే చైన్ వదులుగానే ఉంటుంది.

బెజవాడ_టు_బోస్టన్
పిస్టన్ సోక్ (పిస్టన్లని సాల్వెంట్‌లో నానబెట్టి కార్బన్ కరిగించడం) గురించి ఎవరైనా చెప్పండి. వీడియోల్లో అందరూ అద్భుతం అంటున్నారు.

రెంచి_రాయుడు
పని చేస్తుంది, కొన్నిసార్లు. విధానం:

బండి చదునుగా, ఇంజిన్ గోరువెచ్చగా ఉండాలి. నాలుగు కాయిల్స్ (10 మి.మీ. బోల్టు ఒక్కోదానికి), నాలుగు ప్లగ్గులు తీసేయాలి. నాలుగు బెజ్జాల్లోనూ పొడుగు ప్లాస్టిక్ పుల్లలు పెట్టి, నాలుగూ ఒకే ఎత్తులో నిలిచేదాకా క్రాంక్‌ని చేత్తో సవ్యంగా తిప్పాలి. అప్పుడు పిస్టన్లన్నీ మధ్యలో ఉన్నట్టు. కార్బన్ కరిగించే సాల్వెంట్‌ని ఒక్కో దాంట్లో పిస్టన్ నెత్తి మునిగేదాకా పోసి, రాత్రంతా వదిలేయాలి. దిగిపోతే మళ్ళీ పోయాలి. రెండో రోజు మిగిలింది సిరంజితో పూర్తిగా పీల్చేయాలి. ప్లగ్గులు పెట్టకుండా, ఇంజెక్టర్లు, కాయిల్స్ కరెంటు కట్ చేసి, బెజ్జాల మీద గుడ్డలు కప్పి కాసేపు క్రాంక్ చేయాలి.

ఆ పని ఎగ్గొట్టి ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే లోపల మిగిలిన ద్రవం నొక్కుడుకి లొంగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. సంపులోకి దిగిన సాల్వెంట్ ఆయిల్‌ని పలచన చేస్తుంది, కాబట్టి స్టార్ట్ చేయకముందే ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి. గరాజ్ తలుపు తెరిచి ఉంచండి, నిప్పు దగ్గర పెట్టుకోవద్దు.

చైన్_చలపతి
కార్బన్ కరిగినా బెజ్జాల సైజు పెరగదు కదా. మళ్ళీ పూడిపోతాయి. అసలు మందు మార్చిన పిస్టన్లు, రింగులే.

రెంచి_రాయుడు
నిజమే. అందుకే "కొన్నిసార్లు" అన్నాను. ఒక డబ్బా సాల్వెంట్‌కీ, హెడ్ దించే పనికీ ఖర్చులో ఎంత తేడానో చూసుకుని ముందు చవకది ప్రయత్నించమంటాను. ఆ తర్వాత డిపాజిట్లు శుభ్రం చేసే రకం ఆయిల్ పోసి, గడువు 3,000 మైళ్ళకి తగ్గించి, రెండు మూడు మార్పులు చూడాలి. సోక్‌కి ముందు, తర్వాత అదే 1,200 మైళ్ళ కొలత తీసి రాసుకోకపోతే పని చేసిందో లేదో ఎవడికీ తెలీదు. వీడియోల్లో ఎవరూ చూపించనిది అదే.

ఇర్వింగ్_ఇంజనీర్
డాలస్ వాళ్ళు మర్చిపోయే విషయం. టెక్సస్‌లో 2025 నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కానీ డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ అలాగే ఉంది. అది పాస్ కాకపోతే రిజిస్ట్రేషన్ రెన్యూ కాదు. కాలిన ఆయిల్ బూడిద క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పేరుకుంటుంది. కొన్నాళ్ళకి పీ0420 (కన్వర్టర్ సరిగ్గా పని చేయట్లేదన్న) కోడ్‌తో చెక్ ఇంజిన్ దీపం వస్తుంది. కన్వర్టర్ మార్చినా ఆయిల్ తాగుడు ఆగకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.

అమ్మేవాడు ముందు రోజు కోడ్ చెరిపేసి చూపిస్తాడు. చవక ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని కోడ్లు చదివే పరికరం) తీసుకెళ్ళి "రెడీనెస్ మానిటర్లు", అంటే బండి తనని తాను పరీక్షించుకుందా లేదా అన్న గుర్తులు, చూడండి. క్యాటలిస్ట్, ఈవాప్ (పెట్రోల్ ఆవిరి పట్టే ఏర్పాటు) వగైరా "నాట్ రెడీ" అని ఉంటే కోడ్ ఈమధ్యే చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు. "బ్యాటరీ కొత్తది వేశామండీ" అంటే కాగితం అడగండి. కొన్నాళ్ళు తిప్పి మానిటర్లు రెడీ అయ్యాక మళ్ళీ వస్తామని చెప్పండి, మొహం మారుతుందేమో చూడండి.

కొత్తబండి_వేట
ఇంత ఉందని తెలీదు. 2010 కామ్రీ అయితే ఈ రెండు గొడవలూ ఉండవా?

పిస్టన్_పంతులు
2010లో అదే ఒంట్లో వేరే ఇంజిన్ పెట్టారు. 2ఏఆర్-ఎఫ్ఈ, 2494 సీసీ, 169 హార్స్‌పవర్. పిస్టన్లు, బ్లాక్ అన్నీ కొత్త డిజైన్. దానికీ వాటర్ పంపు కారడం, కోల్డ్ స్టార్ట్‌లో ఒక్క సెకను వీవీటీ గేరు గరగర లాంటివి ఉన్నాయి, కానీ ఇంజిన్ తినేసే జబ్బులు కావు. బడ్జెట్‌ని కొంచెం సాగదీయగలిగితే నా ఓటు దానికే. లేకపోతే 2008లో పిస్టన్లు మార్చిన బండి వెతకండి. వీఐఎన్ (ప్రతి బండికీ ఉండే గుర్తింపు) నంబరు ఇస్తే డీలర్ సర్వీస్ డెస్క్ వాళ్ళు వారంటీ కింద ఏం చేశారో చూసి చెప్పగలరు. "పిస్టన్, రింగ్ రీప్లేస్" అని ఉంటే ఆ బండి మామూలు 2008 కంటే విలువైనది.

సైలెన్సర్_శీను
పాత ఇంజిన్ తీసేసి జపాన్ నుంచి వచ్చే తక్కువ మైళ్ళ ఇంజిన్ వేయిస్తే?

చైన్_చలపతి
అది ఏ సంవత్సరందో తెలియకుండా వేయిస్తే ఒక జబ్బు పోయి ఇంకోటి వస్తుంది. పాతదైతే మర, 2007–09దైతే రింగులు. ఇంజిన్ బయట స్టాండ్ మీద ఉన్నప్పుడే హెడ్ దించి ఇన్సర్ట్లు వేసి బిగించడం తెలివైన పని, లోపల పెట్టాక చేయడం నరకం.

లెక్కల_లక్ష్మి
ఏది కొన్నా మెయింటెనెన్స్ పాయింట్లు రాసేస్తున్నాను, సేవ్ చేసుకోండి.

ఆయిల్ 2008కి 4.5 క్వార్టులు, 2005కి 4. ఒకేసారి మొత్తం పోసేయకుండా అర క్వార్ట్ ఆపి, స్టార్ట్ చేసి, ఆపి, అయిదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి మిగతాది పోయాలి. డ్రెయిన్ ప్లగ్ 14 మి.మీ., వాషర్ ప్రతిసారీ కొత్తది. తాగే బండైతే రెండు పెట్రోల్ ఫిల్లింగులకి ఒకసారి డిప్‌స్టిక్. ప్లగ్గులు ఇరిడియం, డెన్సో ఎస్‌కే20ఆర్11, గ్యాప్ 1.1 మి.మీ., గడువు 1,20,000 మైళ్ళు, బిగింపు 14 పౌండ్-ఫుట్. ఆయిల్ తాగే బండిలో ఆ గడువు నమ్మొద్దు, సగానికే తీసి చూడండి. గులాబీ కూలెంట్ మొదటిసారి లక్ష మైళ్ళకి, తర్వాత ప్రతి 50,000కి. వేరే రంగుతో కలపొద్దు.

వాల్వ్ క్లియరెన్స్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.19–0.29 మి.మీ., ఎగ్జాస్ట్ 0.38–0.48. ఇందులో షిమ్ములు లేవు, బకెట్టే మార్చాలి, దానికి క్యామ్ దించాలి. శబ్దం రాకుండా ముట్టుకోవద్దు. పీ0011 (క్యామ్ టైమింగ్ తేడా) కోడ్ వస్తే క్యామ్ గేరు కొనేముందు ఆయిల్ మట్టం చూసి, ఆయిల్ కంట్రోల్ వాల్వునీ దాని చిన్న జల్లెడనీ తీసి కడగండి.

బెజవాడ_టు_బోస్టన్
గేర్‌బాక్స్ ఆయిల్? 2008లో డిప్‌స్టిక్కే కనపడట్లేదు.

రెంచి_రాయుడు
ఉండదు. టయోటా డబ్ల్యూఎస్ ఫ్లూయిడ్, వేరేది పోయొద్దు. చల్లగా ఉన్నప్పుడు డ్రెయిన్ చేసి, బయటికొచ్చింది గీతలున్న డబ్బాలో కొలిచి అంతే పోయండి. దాదాపు మూడున్నర లీటర్లు వస్తుంది. మొత్తం ఫ్లష్ మాత్రం వద్దు, అసలెప్పుడూ మార్చని బండిలో ఒకేసారి కాకుండా కొన్ని నెలల తేడాతో రెండు మూడు సార్లు డ్రెయిన్ చేయడం మేలు. మట్టం సరిచూడాలంటే ఓవర్‌ఫ్లో ప్లగ్, ఫ్లూయిడ్ టెంపరేచర్ చూపే స్కానర్ రెండూ కావాలి.

కొత్తబండి_వేట
శనివారం 2008 చూడ్డానికి వెళ్తున్నాం. స్కానర్ ఆర్డర్ పెట్టాను. వీఐఎన్ డీలర్‌కి పంపాను. 2005 వాడికి వద్దని చెప్పేశాం. డాలస్ దగ్గరి ప్లానోలో ఒక 2010 కూడా కనిపించింది, 1,62,000 మైళ్ళు.

పిస్టన్_పంతులు
ముందు ప్లానో వెళ్ళండి. కారు చల్లగా ఉంచమని చెప్పి మరీ వెళ్ళండి, స్టార్ట్ చేసిన మొదటి సెకను శబ్దం ఫోన్‌లో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి.